శుక్రవారంలోగా ఇక్కడ నొక్కండి

మామయ్యకి నమస్కారాలు.

మీ ఫోను ఖాతాని ఎవడో కాజేసిన దగ్గర్నుంచి మీకు ఉత్తరాలే గతి కదా. అత్తయ్య కుట్టుషాపుకి వెళ్తూ వస్తూ కాగితాలైతే మోస్తానంది, నోటి మాటలు మాత్రం మోయనంది. అందుకని ఆనందం పట్టలేక రాస్తున్నాను.

మా వీధి రీడింగ్ రూములో సాయంత్రం క్లాసు మొదలుపెట్టాను. గదినిండా హైస్కూలు పిల్లలే. ఊరి పనుల గురించి ఫోనులో అడగడం, తమ అభిప్రాయం చెప్పడం, ఆ దారిలో ఎవరి వలలోనూ పడకుండా ఉండడం, ఇదీ పాఠం. మోసపు సందేశానికి మూడు గుర్తులు చెప్పాను. తొందరపెడుతుంది, భయపెడుతుంది, ఇక్కడ నొక్కమంటుంది. అందరిలోకీ చురుకైన అమ్మాయికి డిటెక్టివ్ అని పేరు పెట్టాం. ‘వెంటనే ఇంటికి రా’ అని సొంత నాన్న పంపిన సందేశాన్నే అనుమానించి, ఆ పిల్ల ఇంకో గంట ఇక్కడే కూర్చుంది.

మీ మేనకోడలు

తా.క. ఈరోజే మొదటి దొంగని పట్టుకున్నాం. ‘మీ రీడింగ్ రూము తీసేసి కార్లు నిలిపే చోటు చేస్తున్నారు, శుక్రవారంలోగా ఇక్కడ నొక్కండి’ అని మీ మున్సిపల్ ఆఫీసు పేరుతో ఎవడో పంపాడు. మూడు గుర్తులూ ఉన్నాయి. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి అందరిచేతా ఆ నంబరు బ్లాక్ చేయించారు. వాడెవడో గానీ వాడి పని అయిపోయింది.


మేనకోడలికి ఆశీస్సులు.

ఆ దొంగని నేనే.

మా ఆఫీసులో జనం అభిప్రాయాలు సేకరించే గుమస్తాని నేనే కదా. కొత్త ఫోను చేతికిచ్చి, ఇక కాగితాలొద్దు, ఇందులోనే పంపమన్నారు. పంపాను. మీ గదికి నిజంగానే గండం వచ్చిందే పిల్లా. శుక్రవారం సభలోగా ఎవరూ వద్దనకపోతే సోమవారం గోడలు పడగొడతారు. జనమేమో నన్ను బ్లాక్ చేసి హాయిగా కూర్చున్నారు. ఈ ఉద్యోగం పరీక్షకి నేను చదువుకున్నది ఆ గదిలోనే. అది పోతుందంటే నాకు అన్నం సహించడం లేదు. ఆఫీసువాళ్లం మేం వద్దనకూడదని రూలు. మీరైనా అనండి.

మీ మామయ్య

తా.క. గది సంగతి చాటడానికి నిన్న మైకు పట్టుకుని స్వయంగా మీ వీధికొచ్చాను, నువ్వు లేవు. నీ డిటెక్టివ్ ఎదురొచ్చి, “మీ ఆఫీసు నంబరు మీరు చెప్పకండి, మేమే వెతుక్కుంటాం” అంది. వెతికి ఫోను చేసింది కూడా. అది మోగేది నా బల్ల మీద. నేనున్నది నడివీధిలో. ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను దొంగనని తేల్చేశారు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.


మామయ్యకి, మీరు మామయ్యే అయితే, నమస్కారాలు.

మీ ఉత్తరం క్లాసులో చదివి వినిపించాను. అదే నేను చేసిన పొరపాటు. “తొందరపెట్టారు, గోడలు పడగొడతారని భయపెట్టారు. నొక్కమనడం ఒక్కటే తక్కువ” అన్నారు పిల్లలు. చేతిరాత మామయ్యదే అన్నాను. “రాత చూసి నమ్మేస్తారా టీచర్?” అంది డిటెక్టివ్. అత్తయ్య తెచ్చిందన్నాను. అత్తయ్యకి ఎవరిచ్చారో మీరు చూశారా అంది. నేను చూడలేదు. నేర్పిందే నేను, ఇక ఏ మొహం పెట్టుకుని కోప్పడను?

కాబట్టి మామయ్యకి మాత్రమే తెలిసిన సంగతి ఒకటి చెప్పండి. నాకు సైకిలు నేర్పిన రోజు మీరు ఎక్కడ పడ్డారు?

మీ మేనకోడలు

తా.క. మురిక్కాలవ అని రాయకండి. అది ఊరంతటికీ తెలుసు. కాలవకంటే ముందు పడ్డ చోటు కావాలి.


మేనకోడలికి కోపంతో కూడిన ఆశీస్సులు.

ఎదురింటావిడ ఆరేసిన దుప్పట్ల మీద పడ్డాను. దుప్పటితో సహా కాలవలోకి వెళ్లాను. కడుపు చల్లబడిందా?

ఇప్పుడు అసలు కబురు విను. అభిప్రాయాలు రావడం మొదలైంది. ఒక్క మధ్యాహ్నంలో రెండు వందలు దాటాయి. అన్నీ ‘గది తీసేయండి’ అనే. ‘ఉంచండి’ అని ఒక్కటంటే ఒక్కటీ లేదు. ఎవరో మీ గది మీద పగబట్టారు. నా మాట నమ్మకపోతే మానెయ్, పిల్లల్ని వెంటబెట్టుకుని సభకి వచ్చి నీ కళ్లతో చూసుకో తల్లీ. నన్నేమో ఆ పూట ఊరి చివర మైకు పట్టుకుని తిరగమన్నారు. నేను సభలో ఉండను.

మీ మామయ్య

తా.క. ఫోన్లు బాగుచేసేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పు. ఏది నొక్కినా గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటోంది. నాకు ఓపిక ఎక్కువ కాబట్టి సరిపోయింది.


మామయ్యకి వెయ్యి నమస్కారాలు.

గది నిలిచింది.

అనుమానం వస్తే అసలు చోటికే వెళ్లి కనుక్కోవాలన్నది మా పాఠం కదా. పిల్లలంతా సభకి బయల్దేరారు. లింకు నమ్మని పెద్దలంతా వాళ్ల వెనకే వచ్చారు. కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. రెండు వందలమంది తీసేయమన్నారని అధ్యక్షురాలు చదవగానే నేను పిల్లల వైపు చూశాను. డిటెక్టివ్ లేచింది. “మేడమ్, ఆ రెండు వందలమంది ఎవరో ఒకసారి తెర మీద చూపిస్తారా?” అంది.

చూపించారు. అన్నీ ఒకే ఫోను నుంచి, ఒకే భోజన విరామంలో వచ్చాయి. పిల్లలు మోసం, మోసం అని అరిచారు. దొంగని పట్టుకుని తీరాల్సిందేనని నేనూ బల్ల గుద్దాను. ఆ ఫోను ఎవరిదో తేల్చమన్నారు అధ్యక్షురాలు.

మీ బల్ల మీద ఉన్న ఆఫీసు ఫోనే మామయ్యా. ఆ లింకులో అభిప్రాయం పంపే ఫారం పనిచేస్తోందో లేదో చూద్దామని నొక్కారట. అది తిరుగుతుంటే మళ్లీ నొక్కారట. అన్నం క్యారేజీ పక్కనబెట్టి మరీ నొక్కారని మీ పక్క బల్ల టైపిస్టు సభలో చెప్పింది. ఆ ఫారంలో ‘తీసేయండి’ దగ్గర ముందే టిక్కు పెట్టి ఉంచింది కూడా మీరేనట. మన గది మీద పగబట్టిన ఆ రెండు వందలమందీ మీరొక్కరే.

సభంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రెండు వందలూ కొట్టేసి, చేతులెత్తమన్నారు. ఉంచమని ఎన్ని చేతులు లేచాయో చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ గుమస్తాని ఏం చేయమంటారని మీ పై అధికారి అడిగితే, “మాకిచ్చేయండి” అంది డిటెక్టివ్. ఇచ్చేశారు. సోమవారం నుంచి మీది మొదటి బెంచీ.

మీ టీచర్

తా.క. మొదటి పాఠం, ఒకసారి నొక్కాక రెండు చేతులూ జేబులో పెట్టుకోవడం. లోతైన జేబులున్న ప్యాంటు వేసుకురండి.