కోరుట్ల టాకీసుల తల తిరిగిన సంగతి

బిడ్డ రూతుకు,
ప్రభువు దయతోని నేను బాగనే ఉన్న. తెలంగాణ కోసం నేను పురుగుల మందు తాగిన్నని పేపర్ల పడ్డదట, నమ్మకు. నీ ఫోను కలుస్తలేదు.

రాస్తారోకోకు బస్సులు ఆగితె, కోరుట్లల రాకాసి సినిమాకు పోయి కూసున్న. రాకాసి సరిగ కనవడనే లేదు. సినిమాలోడు కెమెరా పట్టుకొని ఒకటే ఉరుకుడు, బొమ్మంత ఊగుడే. తల తిరిగి, బయటికచ్చి కక్కిన. పొద్దుగాల పత్తికి మందు కొట్టిన అంగే ఒంటి మీదున్నది. గా వాసనకు రాస్తారోకో పిలగాండ్లు "తాత తెలంగాణ కోసం మందు తాగిండు" అని ఏడ్సుకుంట దవాఖానకు మోసుకపోయిండ్రు. వాళ్ల ముంగట సినిమా అని చెప్ప సిగ్గైంది.

మీ అవ్వ నీ దగ్గర్నే ఉన్నదిగదా, బీపీ గోలి ఏసుకుంటున్నదా? పేపరు సంగతి ఆమె చెవుల పడకముందే గీ కార్డు చదివి చెప్పు. సినిమాకు పోయిన్నని తిడితె తిట్టనియ్యి, ఏడ్వనియ్యకు. పిల్లలకు దీవెనలు.

మీ బాపు
యోహాను