చుక్క తేడా లేకుండా

బావగారికి,

"వాడు హద్దు మీరి తాగాడు, అనుభవిస్తున్నాడు" అని ఆసుపత్రి వరండాలో మీరు అందరి ముందూ అనడం విన్నాను. వెల్డింగ్ షెడ్డు మూశాక రోజూ రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి, "చుక్క తేడా రానివ్వను" అంటూ పోసింది మీరే కదా? మీరు గుండ్రాయిలా ఉన్నారు. మీ తమ్ముడి లివర్ మాత్రం గట్టిపడి చెడిపోయింది. పుట్టుకతో వచ్చిన జన్యువుల్లో తేడా ఉంటే, అంతే తాగినా జబ్బు ఇంతలా ముదరొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆయనకి ఆ తేడా ఉందట.

ఆయన తాగలేదని నేననను. కానీ ఇద్దరూ సమానంగా తాగిన దానికి నిందంతా ఆయన నెత్తినే రుద్దితే ఊరుకోను.

ఆయన గ్లాసు ఇప్పుడు మీ పెద్దాడి ముందు పెడుతున్నారట. ఆ తేడా వాడిలోనూ ఉండొచ్చు. పోసే ముందు ఒక్కసారి వచ్చి, మీ తమ్ముడి పచ్చబడ్డ కళ్ళు చూసి వెళ్ళండి.

మీ మరదలు