వద్దుకు కొమ్ము

మార్చి 2
నాన్న చెయ్యి వణకడం మొదలయ్యాక నా చేతికి వచ్చిన మొదటి పెద్ద పని. యుద్ధంలో పోయినవాళ్ల స్మారకం. నల్ల గ్రానైట్ మీద అరవై రెండు పేర్లు, మనవాళ్లవీ అవతలివాళ్లవీ కలిపి అకారాది క్రమంలో. అడుగున ఒకే వాక్యం: ఇంకెప్పుడూ యుద్ధం వద్దు. చేత్తో చెక్కితే తప్పులొస్తాయి, మెషీన్‌కి ఇచ్చేద్దాం అని కమిటీ ప్రెసిడెంటుగారు నసిగారు. మా అమ్మాయి తప్పు చెక్కదండీ అని నాన్న తేల్చేశాడు. నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు.

మార్చి 9
నాన్న పద్ధతి ఒకటుంది. ముందు అక్షరాలన్నీ చెక్కాలి. కొమ్ములు, గుడులు, దీర్ఘాలు చివర్న ఒకే ఊపులో. ముందు అందరికీ స్నానాలు, తర్వాత జడలు అంటాడు. పేర్లన్నిటికీ జడలు వేసేశాను. పక్కపక్కనే ఉన్నవాళ్లలో ఎవరు ఎటువైపో నాకే గుర్తు లేదు.

మార్చి 14
అయిపోయింది. రేపే ఓపెనింగ్.

మార్చి 15, ఉదయం 8
కొంప మునిగింది.

మూడో పేరు అబ్బాయి వాళ్లమ్మగారు అందరికంటే ముందొచ్చారు. కొడుకు పేరు వేలితో తడిమారు. కింది వాక్యం చదివి నన్ను పిలిచారు. యుద్ధం వద్ద ఏం పెట్టారమ్మా, టీకొట్టా, అనడిగారు.

చూశాను. యుద్ధం వద్ద. చివరి అక్షరానికి కొమ్ము లేదు. వారం రోజులుగా కొమ్ములొచ్చినట్టు తిరిగాను, రాయికే రాలేదు. నాన్న మొహం చూడలేకపోయాను. పూలదండ వేసి కప్పేద్దాం అన్నారు ప్రెసిడెంటుగారు. ఎన్నాళ్లని కప్పుతారు బాబూ, అన్నారు పెద్దావిడ.

నాన్న పడీపడీ నవ్వాడు. టూల్ బ్యాగ్ తెచ్చి నా ముందు పెట్టి, అందరూ వచ్చాక అందరి ముందే చెక్కవే అన్నాడు.

అదే రోజు, సాయంత్రం
కొమ్ము ముప్పాతిక వంతు నేనే చెక్కాను. చివరి దెబ్బలు మిగిల్చి పెద్దావిడ చేతికి ఉలి ఇచ్చాను. సుత్తి ఎవరికివ్వాలో తోచలేదు. నాలుగో పేరు అతని చెల్లెలు సరిహద్దు దాటి వచ్చి, ఎక్కడో వెనక నిలబడి ఉంది. పెద్దావిడే ఆమెను దగ్గరికి పిలిచారు.

పాపం, ఆ అమ్మాయి సుత్తి ఆనించిందంతే. ఎక్కడ ఆ ముసలి వేళ్ల మీద పడుతుందోనని హడలిపోతోంది. కొట్టమ్మా, భయపడకు, నేను చెయ్యి తియ్యనులే అన్నారు పెద్దావిడ.

కొట్టింది. రాతి పెచ్చు ఎగిరి ప్రెసిడెంటుగారి చొక్కా జేబులో పడింది. అందరం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. వాళ్లిద్దరూ నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఇంత సంతోషం నేనెప్పుడూ ఎరగను.

మార్చి 17
కొమ్ము కాస్త వంకర పోయింది, సరిచేస్తావా అని ప్రెసిడెంటుగారి ఫోన్.

వద్దు అన్నాను. కొమ్ముతో సహా.