నీ చెంపమీది నీలి నీడ గురించి

హార్లింగెన్,
మార్చి 9, ఆదివారం.

చిరంజీవి నింకెకు నాన్న మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. అమ్మ మోకాలు ఈ వారం కాస్త మాట వింటోంది. గాలి మాత్రం వినడం లేదు. రెండు రోజులు దీవుల పడవలు కదల్లేదు, దాంతో అక్కడి నుంచి రావలసిన తలలూ గడ్డాలూ రాలేదు. క్షౌరం కొట్టులో ఖాళీగా కూర్చుని కత్తెరలన్నీ నూనె పెట్టి తుడిచాను. నీకు మందుల దుకాణంలో పని కుదురుకుందని చదివి అమ్మ ఆ పేరా నాకు రెండుసార్లు వినిపించింది. ఉట్రెక్ట్‌లో నీ గదికి ఎండ వస్తుందా లేదా అన్నది నువ్వు రాయలేదు. ఆవిడ అడగమంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ కొత్త కళ్లజోడు వచ్చింది, పెట్టుకోవడం లేదు. పక్కింటి పిల్లి మన మెట్లమీదే కాపురం పెట్టింది. అమ్మ అరవయ్యో పుట్టినరోజు మే పదిహేడున, శనివారం. "నేను రానా, లేక మీకు ఇబ్బందా?" అని అడిగావు. దానికి జవాబు కింద రాస్తాను. ముందు గడ్డం సంగతి, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదొక్కటే.

"పొద్దున ఎంత నున్నగా గీసుకున్నా మధ్యాహ్నం రెండయ్యేసరికి చెంపలు నీలంగా తేలుతున్నాయి నాన్నా. కౌంటరు అవతలివాళ్ల చూపు నా కళ్లమీంచి జారి గడ్డం దగ్గర ఆగిపోతోంది. నీదీ ఇదే గడ్డం కదా, ఏం చేయను?" అని రాశావు.

నాదే. నాకు మా నాన్న ఇచ్చాడు, నీకు నేనిచ్చాను. నల్లటి వెంట్రుక, పాలలాంటి తోలు. నలభై ఒక్కేళ్లుగా గడ్డాలు గీస్తున్నవాణ్ణి చెబుతున్నాను, ఆ నీలం నువ్వు సరిగ్గా గీసుకోకపోవడం వల్ల వచ్చింది కాదు. చర్మం కింద మిగిలిన వెంట్రుక పైకి కనబడడం అది. కత్తి పైనున్నదాన్నే కోస్తుంది. అందుకని ఇంకా నున్నగా గీస్తే పోతుందనుకుని ఒకే చోట నాలుగుసార్లు లాగకు. ఎర్రగా కందుతుంది, పొక్కులు లేస్తాయి, నీలానికి ఎరుపు తోడవుతుంది. స్నానం చేశాక, వేడినీళ్లలో పిండిన తువ్వాలు మొహానికి రెండు నిమిషాలు అద్దుకుని, అప్పుడు నురగ పెట్టు. వెంట్రుక వాలిన దిక్కుకే గియ్యి. మెడ దగ్గర వాలు తిరుగుతుంది, వేలితో తడిమి చూసుకో. ఎదురు గీత చెంపలమీద ఒక్కసారి చాలు, మెడమీద వద్దే వద్దు. తర్వాత చన్నీళ్లు, పటిక. కొత్త బ్లేడు వాడు, పిసినారితనం చేయకు. లేజర్‌కు వెళ్తున్నన్నాళ్లూ పట్టకారుతో ఒక్కటి కూడా పీకవద్దు. వేరు లేకపోతే ఆ లేజర్ దేన్ని కాలుస్తుంది?

పైపూత విషయం నాకు తెలియదు. అందుకని ట్రీన్ దగ్గరికి వెళ్లాను. మన ఊరి నాటకాలవాళ్లకు ముప్ఫై ఏళ్లుగా మొహాలకు రంగు వేసేది ఆవిడే.

"ఏం వీబె, ఈ వయసులో వేషం కట్టాలని బుద్ధి పుట్టిందా?" అంది.

"నాకు కాదు. గడ్డం నీడ కనబడకుండా ఏం పూస్తారో చెప్పు."

"ఎవరికో?"

"ఒకరికి," అన్నాను.

ఆవిడ సొరుగు లాగి వెతకసాగింది. "అయితే ఆ ఒకరికి చెప్పు. నీలం మీద ఒంటిరంగుది ఎంత దట్టంగా పూసినా బూడిద రంగుకు తిరుగుతుంది, అంతే. ముందు నారింజ రంగు క్రీము. నీలాన్ని చంపేది నారింజే. అదీ పులమకూడదు, నీడ ఉన్నచోట మాత్రమే వేలికొసతో అద్దాలి. దానిమీద ఫౌండేషన్, అదీ అద్దడమే. రుద్దావంటే కిందిది లేచిపోతుంది. చివర పౌడరు. మధ్యాహ్నం చెమట పడితే కాగితంతో ఒత్తి మళ్లీ పౌడరు. మళ్లీ గీసుకోవద్దను," అంటూ ఒక చిన్న డబ్బీ నా చేతిలో పెట్టింది.

నా చేత్తో చేసి చూడనిది నేను ఎవరికీ చెప్పను, నీకు తెలుసు. పైగా మనిద్దరిదీ ఒకే గడ్డం. సోమవారం కొట్టుకు సెలవు కదా, అద్దం ముందు కూర్చుని నామీదే మొదలుపెట్టాను. మొదటిసారి కారెట్‌లా తయారయ్యాను. కడుక్కున్నాను. రెండోసారి ఎడమ చెంప కుదిరింది. నిజం నింకె, నలభై ఏళ్లుగా నేను చూడని నా చెంప అది. కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. నీడ లేదు. అద్దడం ముఖ్యం, రెండు పల్చటి పొరలు ముఖ్యం.

ఇప్పుడు నేను వాయిదా వేస్తూ వచ్చిన మాట రాయాలి. ఫోన్‌లో అయితే నేను గాలి గురించి మాట్లాడి పెట్టేస్తాను, అందుకే కాగితం.

పోయిన అక్టోబరులో నువ్వు వచ్చి వెళ్లిన రోజు. స్టేషన్‌కు బయల్దేరుతూ కొట్టులోకి వచ్చావు. కుర్చీలో రిన్సె ఉన్నాడు, పడవ నడిపి రిటైరైన మన రిన్సె. మొహం నిండా నురగ. అద్దంలోంచి నిన్ను చూశాడు. సాయంత్రపు వెలుగు నీ గడ్డం మీద పడుతోంది. "ఎవరురా ఈ అమ్మాయి?" అన్నాడు నాతో. "మా అక్క కూతురు. గ్రోనింగెన్ నుంచి వచ్చింది," అన్నాను.

నువ్వు కోటు తగిలించే కొయ్య దగ్గర ఉన్నావు. విన్నావో లేదో నాకు తెలియదు. దగ్గరికొచ్చి నా చెంపలమీద ముద్దు పెట్టి "వెళ్లొస్తాను" అన్నావు. "వెళ్లొస్తాను నాన్నా" అనలేదు. ఐదు నెలలుగా నాకు అదే వినబడుతోంది.

ఆ సాయంత్రం అమ్మకు చెప్పాను. "నీకున్నది తమ్ముడొక్కడే కదా, ఈ అక్క ఎప్పుడు పుట్టింది?" అంది. తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఎందుకన్నానంటే భయపడ్డాను. 'నీ కొడుకేమయ్యాడు' అని అడుగుతాడనీ, బెంచీమీద కూర్చున్నవాళ్లంతా నా జవాబు కోసం తలెత్తుతారనీ భయపడ్డాను. ఆ నీడ లేకపోతే అడగడు కదా అని నీ గడ్డం మీద కోపం కూడా వచ్చింది. నా గడ్డం మీద. ఇంతకంటే మంచి కారణం వెతికాను, దొరకలేదు.

సోమవారం నేను తలుపు గడియ పెట్టడం మరిచాను. ఎడమ చెంప పూర్తయి కుడిది మొదలుపెట్టేలోపు రిన్సె కాఫీకని లోపలికి వచ్చేశాడు.

"ఒరేయ్ వీబె! ఏమైందిరా నీ మొహానికి, సగం పెళ్లికూతురిలా ఉన్నావు?"

"మా అమ్మాయి కోసం నేర్చుకుంటున్నాను," అన్నాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నీకు అమ్మాయెక్కడిది?"

"అక్టోబరులో చూశావు. అక్క కూతురని చెప్పాను కదా, అబద్ధం. నాకు అక్కే లేదు. మా కూతురు తను. తన చిన్నప్పుడు నువ్వు అబ్బాయిగా చూసింది తననే. ఇప్పుడు పేరు నింకె. నాలాంటి గడ్డం, నీడ పోవడం లేదు. అందుకని."

వాడు బెంచీమీద కూర్చున్నాడు. టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "మరి అప్పుడెందుకలా చెప్పావు?"

"పిరికితనం."

"ఊఁ." ముందుకు వంగి నా చెంప చూశాడు. "నాకివన్నీ అర్థం కావురా. అర్థమైనట్టు నటించను. ఏం చేస్తోంది?"

"మందుల దుకాణంలో పని."

"అయితే మంచిదే. ఈసారి వచ్చినప్పుడు నా రక్తపోటు మాత్రలు చూపించాలి. డాక్టరు చెప్పేది ఒక్క ముక్క బుర్రకెక్కదు. నువ్వు ఆ రెండో చెంపైనా పూసుకో, పూసిందైనా కడుక్కో. అలా సగం మొహంతో నాకు కాఫీ ఇవ్వకు."

కడుక్కున్నాను, కాఫీ ఇచ్చాను. రిన్సెకు చెబితే రేవంతా చాటింపు వేసినట్టే. బుధవారానికి ముగ్గురు నింకె ఎలా ఉందని అడిగారు, ఒకరు పేరు తప్పు పలికారు. చేపల హార్మెన్ ఈ వారం గడ్డానికి రాలేదు. గాలికి రాలేదో మరెందుకో తెలియదు. రాకపోతే రాకపోనీ.

డబ్బీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అది కౌంటరు దగ్గర నీ మనసు నిలకడ కోసం. మా ముందు ఏ పూతా అక్కర్లేదు.

అక్టోబరులో నేనన్నది విన్నావో లేదో రాయి. వినకపోయినా ఇప్పుడు తెలిసింది కాబట్టి, ఏమనాలనిపిస్తే అది రాయి. క్షమించమని అడుగుతున్నాను, తొందరేం లేదు.

ఇక నీ ప్రశ్నకు జవాబు. ఇబ్బంది ఏమీ లేదు, రా. సాయంత్రం కేకు వేళకు కాదు, శనివారం పొద్దున పదకొండింటికి రా. అప్పుడు కొట్టు నిండుగా ఉంటుంది. బెంచీమీద నలుగురు, కుర్చీలో ఒకరు, తలుపు దగ్గర ఒకరిద్దరు. వీధి తలుపు తోసుకునే రా. కుర్చీలో ఎవరున్నా సరే, చేతిలో కత్తి పక్కన పెట్టి, అందరికీ వినబడేలా చెబుతాను, "మా అమ్మాయి వచ్చింది" అని.

ఇట్లు,
మీ నాన్న,
వీబె.