ఏరియేటర్ బండి

జనవరి 19, సోమవారం

అందరూ క్షేమమా? నాకు ఉత్తరం ఇట్లా మొదలుపెట్టడమే తెలుసు, డైరీకి కూడా ఇదే. తమ్ముడు వెంకయ్యకు ఎడమ కన్ను ఎప్పుడో పోయింది, కుడిది ఏదో కనిపిస్తూ ఉంది. నాయుడుపేటలో మా అమ్మాయి రోజారమణికి మోకాలు నొప్పి తగ్గిందంట. తగ్గలేదు, నాకు తెలుసు. అల్లుడికి గ్యాస్. ఎదురింటి ఆమినాబీకి దగ్గు. నాకు బీపీ, చెవిలో హోరు. అది సముద్రమో చెవో తేల్చుకోలేను.

డైరీ రోజారమణి ఇచ్చింది. రోజుకు పదిసార్లు ఫోన్ చెయ్యబాకమ్మా, నీ దిగులంతా దీంట్లో రాసుకో, నేను చదవనులే అంది. నేను అయిదో తరగతి. తప్పులుంటే ఉంటాయి.

జనవరి 22, గురువారం

వెంకయ్య పడవ ఇంజన్ల మెకానిక్. తర్వాత రొయ్యల గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు రిపేరు చేసేవాడు. షుగర్‌తో ఒక కన్ను పోయాక షెడ్డు మూసేశాడు. మరదలు లేదు, నా మొగుడూ లేడు. అక్కాతమ్ముళ్ళం ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం.

ఇప్పుడు అరచేతిలో పట్టే కార్లు చేస్తాడు. అమెరికా వాళ్ళ పాతకాలం కారు, ప్లాస్టిక్ ముక్కలుగా డబ్బాలో వస్తుంది. హాట్ రాడ్ అంటాడు. బానెట్ తీసేసి ఇంజన్ అందరికీ కనపడేట్టు పెట్టాలంట. వీడు దానికి ఇచ్చిన ఇంజన్ పెట్టడు, తనకు తెలిసినది చేసి పెడతాడు. ఒకదానికి పడవ ఇంజన్. ఒకదానికి కుట్టుమిషన్. ఒకదానికి చెరకు రసం మిషన్, పళ్ళ చక్రాలతో సహా. మనిషికి మేక గుండె పెట్టినట్టు ఉంది గదరా అన్నాను. పరిగెత్తితే చాలు గదక్కా, ఎవురి గుండైతే ఏం అన్నాడు.

ఇప్పుడు చేసేది ఏరియేటర్ బండి. రెండు పక్కలా నీళ్ళు చిమ్మే రెక్కల చక్రాలు, మధ్యలో మోటారు. రెక్కలు దువ్వెన పళ్ళతో, గొట్టాలు పెన్ను రీఫిళ్ళతో. భూతద్దం కంటికి ఆనించుకుని కూర్చుంటాడు. ఆ ఒక్క కన్నూ అరిగిపోతుందేమోనని నాకు భయం.

జనవరి 30, శుక్రవారం

నెల్లూరు పోయి వచ్చాం. కంట్లో ఇంజెక్షన్ వేశారు. ఆశ పెట్టుకోవద్దని డాక్టరు అనలేదు, పెట్టుకోమనీ అనలేదు. సన్న పని ఇంకెన్నాళ్ళు చేసుకోవచ్చు సార్ అని వెంకయ్య అడిగాడు. ఏదైనా పనుంటే వాయిదా వెయ్యొద్దు అన్నాడాయన. బస్సులో నేను ఇందుకూరుపేట దాకా ఏడుస్తూనే ఉన్నాను, కండక్టరు నీళ్ళ బాటిల్ ఇచ్చాడు.

ఫిబ్రవరి 3, మంగళవారం

చెన్నై నుంచి మాథ్యూ అనే ఆయన ఫోన్. ఇట్లాంటి కార్లు చేసేవాళ్ళందరూ కలిసి అక్కడ ఎగ్జిబిషన్ పెడతారంట. వెంకయ్య ఫోన్‌లో పెట్టిన బండ్ల వీడియోలు ఆయన చూశాడంట. ఏరియేటర్ బండిని మధ్య టేబుల్ మీద పెడతాం, మీరే పక్కన నిలబడి చెప్పాలి అన్నాడంట. ఇరవై రెండున తనే వచ్చి ఇద్దరినీ తీసుకుపోతానన్నాడు, బండినీ వీడినీ.

కన్ను పోయేలోపల ఇదొక్కటి జరిగితే చాలక్కా, ఇంకేం అడగను అన్నాడు వెంకయ్య. ఆ మాట ఎందుకు అన్నాడురా దేవుడా అని నాకు పొద్దుటి నుంచి దడ.

ఫిబ్రవరి 11, బుధవారం

అయిపోయింది. నీలం రంగు. వేలితో తిప్పితే రెక్కలు తిరుగుతాయి. ఆమినాబీ చూసి, అల్లా, దీన్ని గుంటలో దించితే రొయ్యలు కూడా ఎక్కి పోతాయి అంది. ఎంత బాగుందో అని మూడుసార్లు అంది. మూడుసార్లు.

ఫిబ్రవరి 12, గురువారం, మధ్యాహ్నం



కొత్త బండికి పూజ చెయ్యకుండా ఎట్లా పంపుతాం? ఆమినాబీ నోరు మంచిదే, అయినా దిష్టి దిష్టే. వెంకయ్య స్నానానికి పోయినప్పుడు బండిని గడపలో పెట్టాను. బొట్లు పెట్టాను, కర్పూరం వెలిగించి మూడు తిప్పులు తిప్పాను. పెద్ద కార్లకు చేసినట్టే వెలుగుతున్న కర్పూరం పళ్ళెం ముందర పెట్టి టెంకాయ కొట్టడానికి మెట్టు దగ్గరికి పోయాను. టెంకాయ ఒక దెబ్బకు పగల్లేదు.

వెనక్కి వచ్చేసరికి వాసన. మోటారు మైనం మాదిరి వంగి కిందికి జారింది. రెక్కలు ఒకదానికొకటి అతుక్కున్నాయి.

వెంకయ్య తుండుతో వచ్చి చూశాడు. ప్లాస్టిక్ అక్కా అది. ఇనప బండి అనుకున్యావా అన్నాడు. అంతే. చారులో ఉప్పు ఎక్కువైతే అరగంట తిట్టేవాడు, ఈరోజు తిట్టలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

అన్నం తినలేదు. ఇద్దరమూ.

ఫిబ్రవరి 17, మంగళవారం

మళ్ళీ చేస్తున్నాడు. బాడీ బాగానే ఉంది, ఇంజనే గదా అంటాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రెక్క నేరుగా ఉండాదా అక్కా అంటాడు. నాకూ మసకే. ఉంది అంటాను. జిగురు ఆరాక వాడు వేలితో తడిమి, లేదు అంటాడు, పీకేస్తాడు. పొద్దున్నుంచి ఒక్క రెక్కే.

నువ్వు ఉంది అనబాకే తల్లీ, తెలీదు అని చెప్పు అన్నాడు. రోజారమణికి ఫోన్ చేశాను. డైరీ రాస్తున్నావా లేదా అంది.

ఫిబ్రవరి 19, గురువారం

నిద్ర లేస్తానే, నీళ్ళల్లో ఇంకు పోసినట్టుండాది అక్కా అన్నాడు. ఆటోలో నెల్లూరు. కంటి లోపల రక్తం చిమ్మిందంట. ఆపరేషన్ చేసినా వెలుతురు మాత్రమే తెలుస్తుంది, ఆకారాలు తెలియవు అన్నారు. వెంకయ్య తల ఊపాడు. డాక్టరు ఇటు ఉంటే వాడు అటు తిరిగి ఊపాడు.

మాథ్యూకి నేనే ఫోన్ చేసి రావద్దని చెప్పాను. ఎందుకో చెప్పలేకపోయాను. ఇంకోసారి చూద్దాం అమ్మా అన్నాడు పాపం.

ఫిబ్రవరి 26, గురువారం

భూతద్దం డబ్బాలో పెట్టేశాడు. రోజంతా వరండాలో కూర్చుంటాడు. రోడ్డు మీద ఏదైనా బండి పోతే ఇంజన్ ఏదో చెప్తాడు. నన్ను అడగడు, ఊరికే చెప్తాడు. కర్పూరం మాట వాడూ ఎత్తడు, నేనూ ఎత్తను. ఒక్కసారి తిడితే బాగుండు.

మార్చి 2, సోమవారం

వెంకయ్య తనే అడిగి నా చేత మాథ్యూకి ఫోన్ చేయించుకున్నాడు. ఏరియేటర్‌ది లేదు సార్, మిగిలినవన్నీ తీసుకుపోండి, నాకాడ పెట్టుకోని ఏం జేసేది అన్నాడు. వచ్చే ఎగ్జిబిషన్‌లో టేబుల్ పక్కన నిలబడాల గదా మీరు అని మాథ్యూ అంటే, చూడలేని దాని గురించి ఏం చెప్పేది సార్ అన్నాడు.

తర్వాత ఒక్కొక్క బండీ చేతికి ఇవ్వమన్నాడు. తడిమాడు. ఇది ఎర్రది గదా అక్కా అన్నాడు. ఔను అన్నాను. పచ్చది.

మాథ్యూ వచ్చేది మార్చి 8, ఆదివారం, పొద్దున పదింటికి.