పక్క సీటు మీద రుమాలు

షమీమ్,

ఆధునిక కథల్లో ఏ టీకప్పో చూసి మనిషికి ఉన్నట్టుండి అంతా తెలిసిపోవడం నీకు నచ్చేది కాదు. కాలేజీలో పిల్లలకు ఆ కథలే పాఠం చెప్పి, రైల్లో నాతో పోట్లాడేదానివి. "అన్నాళ్లూ తెలియంది ఒక్క క్షణంలో ఎలా తెలుస్తుందే? అంతా రచయితల మాయ!"

నువ్వు పోయి ఏడాదైంది. నీ జనాజా గుమ్మం దాటినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. రేపల్లెలో రైలెక్కగానే, భట్టిప్రోలులో ఎక్కే నీకోసం పక్క సీటు మీద రుమాలు వేసే అలవాటూ పోలేదు.

ఈరోజు బిడ్డనెత్తుకున్న ఒకామె అడిగింది: "ఎవరన్నా వస్తారా అక్కా?"

"ఎవరూ రారమ్మా, కూర్చో," అన్నాను.

ఆ మాట నా నోట విన్నాకే నువ్వు లేవని నాకు తెలిసింది. తీసిన రుమాలు తెనాలి దాకా నాకే పనికొచ్చింది.

రావే, ఇప్పుడు పోట్లాడు.