రెండో కంటి మాత్రలు

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం అలవాటు గనక రాస్తున్నాను. నువ్వు వేళకు తింటున్నావనుకుంటాను. నీ గదిలో చెమ్మ తగ్గిందన్నావు, సంతోషం. అయినా పగలు కిటికీ తీసి ఉంచు.

మీ నాన్న కన్ను ఎలా ఉందని అడిగావు. మొదట ఎర్రబడి నొప్పి పుట్టినప్పుడు, రంగు పడి ఉంటుందని వీధి చివర క్లినిక్కులో చుక్కల మందు ఇచ్చారు. ఎరుపు దిగిపోయింది. మళ్లీ నిచ్చెనెక్కి దుకాణాలకు బోర్డులు రాయడం మొదలుపెట్టారు. అద్దంలో చూసుకుని, "చూడవే పువ్వుకన్నూ, కన్నంటే ఇలా ఉండాలి" అన్నారు. చిన్నప్పుడు నా ఎడమ కంట్లో పడ్డ తెల్లమచ్చను పట్టుకుని పెళ్లినాటి నుంచీ ఆయన పిలిచే పేరు అదొక్కటే. నీ స్నేహితుల ముందు కూడా అలాగే పిలిచేవారు.

తర్వాత చూపులో నల్లటి నలుసులు తేలాయి. మంచు కమ్మినట్టుందన్నారు. రాసిన అక్షరాలు పక్కకు ఒరిగిపోతుంటే దుకాణంవాళ్లు నవ్వారు. అప్పుడు గాని పెద్దాసుపత్రికి కదల్లేదు. డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేసి, లైటు పెట్టి చాలాసేపు చూసింది.

"కన్ను లోపల వాపు ఉందండి. వెనక పొర మీద తెల్లటి మచ్చలున్నాయి. వైరస్ అనుకుంటున్నాను. మీరు వేసుకున్న చుక్కలు ఎరుపును అణిచాయి గాని, వైరస్‌ని చంపవు. ఈ రోజే చేరండి, మందు ఎక్కిద్దాం. ఏ వైరసో తేలాలంటే సన్నటి సూదితో కంట్లోంచి చుక్క నీరు తీసి పరీక్షకు పంపాలి."

"సూదా? దీని కంట్లో గుచ్చండి, ఎలాగూ పనికిరానిదే" అన్నారు మీ నాన్న, నన్ను చూపించి.

నర్సు తల దించుకుంది. ఆయన లేచి ఇంటికొచ్చేశారు.

సగం చూపు పోయాక తనే బండి పిలవమన్నారు. సూది దించుతున్నంతసేపూ నా మణికట్టు వదల్లేదు. గోళ్లు దిగాయి. ఎప్పుడో ఆయనకు ఆటలమ్మ పోసినప్పటి వైరసే ఇన్నాళ్లూ నరాల్లో దాక్కుని మళ్లీ లేచిందని పరీక్షలో తేలింది. అప్పటికే వెనక పొర చిరిగి ఊడిపోయింది. ఆపరేషన్ చేశారు, చూపు రాలేదు. రెండో కంటికీ పాకే ప్రమాదం ఉందట. నెలల తరబడి మాత్రలు పూట తప్పకూడదన్నారు.

ఇంతవరకూ నీకు చెప్పకుండా ఆపుకున్నది ఇది. ఆ కంటికి ఇక చూపు రాదని డాక్టరమ్మ అన్నప్పుడు, ఏడుపొస్తుందేమోనని ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. వచ్చింది నవ్వు. ఆ పూట కడుపునిండా తిన్నాను.

మాత్రలు నా సంచిలోనే ఉంటాయి. ఒక్క పూటా తప్పించలేదు, తప్పించను. కానీ ఆయన అడిగేదాకా ఇవ్వను. మొన్న "ఏయ్" అన్నారు. పలకలేదు. "ఇటు రావే" అన్నారు. కూరలు తరుగుతూ కూర్చున్నాను. కాసేపటికి, కాపురానికొచ్చాక మొదటిసారి, నా పేరు పెట్టి పిలిచారు.

"మాత్ర వేళయింది, ఇస్తావా?"

"సరిగ్గా వినపళ్లేదండీ, ఇంకోసారి పిలవండి" అన్నాను.

పిలిచారు.

సెలవు పెట్టి రానా అన్నావు. ఇప్పుడే రాకు తల్లీ. నువ్వొస్తే ఆయన్ను చూసి ఏడుస్తావు, నిన్ను చూసి నాకు ఆయన మీద జాలి పుడుతుంది. అది ఇంకొన్నాళ్లు వద్దు.

ఇట్లు,
నీ మేలు కోరే
అమ్మ